రబ్బరు టేపు

మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, ఒకే దూరాన్ని ఇద్దరికి ఒకేలా చెప్పిన పాపాన పోలేదు. మా ఊరి చిన్న విమానాశ్రయంలో విచారణ కౌంటరు ఆయనది. అక్కడినుంచి విమానం వెళ్ళేది కొండల అవతలున్న ఒక్క ఊరికే, పట్టేది యాభై నిమిషాలే. ఆ ముక్క ఆయన వెనక గోడమీద జానెడేసి అక్షరాలతో రాసి ఉంది. అయినా జనం ఆయన్నే అడిగేవారు. ఆయనా మొహమాటం లేకుండా అబద్ధం చెప్పేవారు. తోటివాళ్ళు ఆయనకు రబ్బరు టేపని పేరు పెట్టారు.

చంటిబిడ్డ తల్లి అడిగితే, "ఎంతమ్మా, వీడికి పాలు పట్టి భుజాన వేసుకో. త్రేన్చేలోగా దిగిపోతావు" అనేవారు. ఎడమొహం పెడమొహంగా వచ్చిన ఆలుమగలకు మాత్రం, "చాలా దూరం బాబూ, రెండు గంటలు! అంతసేపు పలకరించే దిక్కు లేకుండా ఎలా? పక్కపక్క సీట్లు అడగండి" అని చెప్పేవారు.

మా తోటికోడలికి మోకాళ్ళ నొప్పులు. అందుకని ఆయనకు కారేజీ నేనే తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు నేనక్కడ ఉండగానే పైఅధికారి మండిపడ్డాడు.

"ఏమయ్యా, గోడమీద యాభై నిమిషాలని ఉంది కదా!"

"గోడకేం సార్, అది విమానం ఎక్కదుగా!"

మా ఆయన పోయిన ఏడే, ఒక ఉదయం మా చెల్లెలు ఆ కొండల అవతలి ఊరినుంచి ఫోను చేసింది. మధ్యాహ్నం ఆపరేషన్. "నీ మొహం చూస్తే తప్ప లోపలికి వెళ్ళనే అక్కా" అని ఒకటే ఏడుపు. బస్సయితే కొండలన్నీ చుట్టి ఏ రాత్రికో చేరుతుంది. విమానమే గతి. నేనా, మేడమీదినుంచి కిందకు చూస్తేనే కళ్ళు తిరిగే మనిషిని.

కౌంటరు దగ్గర నిలబడి, "ఎంతసేపు బావగారూ?" అన్నాను.

"ఎంతమ్మా, పొయ్యిమీద కూర మరిచిపోయి పక్కింటావిడతో కబుర్లు చెప్పినంతసేపు."

"నేను పక్కింటావిడతో కబుర్లు చెప్పనండీ."

ఊరందరికీ సరిపోయిన టేపు నా దగ్గర తెగిపోయింది. ఆయన లేచి లోపలికి వెళ్ళి రెండు టిక్కెట్లతో వచ్చారు.

"మీరెందుకండీ?"

"నాకూ అక్కడ పనుందిలే."

కిటికీ పక్కన తాను కూర్చుని, బయటి ఆకాశం నాకు కనబడకుండా భుజం అడ్డం పెట్టారు. విమానం లేచింది. చూద్దును కదా, బావగారు కళ్ళు మూసుకుని, సీటు చేతులు పట్టుకుని, చెమటతో ముద్దయిపోయారు.

"బావగారూ, ఏమైంది?"

"ఏం లేదమ్మా... ఇంత పైకి పోతుందనుకోలేదు."

"మీరెప్పుడూ ఎక్కలేదా?"

"కౌంటరు నేలమీదే ఉంటుంది కదమ్మా!"

ఇక నా భయం సంగతి నాకు గుర్తుంటే ఒట్టు. సీటు జేబులోని అట్టతో విసరడమే నా పనయింది.

"ఇంకా ఎంతదూరమమ్మా?"

ఆయన మీదుగా కిటికీలోకి తొంగిచూశాను. అన్నీ మబ్బులే.

"అదిగో, ఇళ్ళు కనబడుతున్నాయి బావగారూ!" అన్నాను.

ఈ కథంతా విని మా చెల్లెలు పడీపడీ నవ్వింది. నర్సు కసిరినా నవ్వు ఆపుకోలేక, నవ్వుతూనే ఆపరేషన్‌ గదిలోకి వెళ్ళింది. సాయంత్రానికి కళ్ళు తెరిచి మళ్ళీ నవ్వబోయి, కుట్లు లాగుతున్నాయని నన్నే తిట్టింది.

అది చూశాక బావగారు సంచీ అందుకున్నారు.

"పనుందన్నారు?"

"అయిపోయిందమ్మా."

తిరుగు విమానంలో సీట్లు ఖాళీగానే ఉన్నాయట. ఆయన మాత్రం బస్‌స్టాండుకు దారి అడిగి వెళ్ళారు.