ఆరు పళ్ళేలు, ఆరు అంకెలు

మొన్న ఉదయం మా ఆవిడ రక్తపోటు మిషను చేతికి చుట్టుకుని మూడుసార్లు చూసుకుంటే మూడు రకాల అంకెలు వచ్చాయి. మిషను పాడైందంటూ నన్ను ద్వారకా నగర్‌లో అది కొన్న కొట్టుకు తరమబోతుంటే నాకు నవ్వొచ్చింది. పాడవడం కాదని చెప్పగలిగే జ్ఞానం నాకు డెబ్బైల చివర్లో, రేవు దగ్గర ఇనుప ఖనిజం పరీక్షించే గదిలో అబ్బింది, అదీ తల వంచుకున్నాక.

ఆ రోజుల్లో సాయంత్రాలు హేతువాద సభల్లో బల్ల గుద్ది బాబాలనూ ముహూర్తాలనూ ఉతికి ఆరేసేవాణ్ణి. పగలు మాత్రం ఖనిజాన్ని పళ్ళెంలో తూచి, పొయ్యిలో ఎండబెట్టి, మళ్ళీ తూచి, తగ్గిన బరువును బట్టి తేమ లెక్కకట్టడం నా పని. ఒకే గుట్టలోంచి తెచ్చిన ఆరు పళ్ళేలకు ఆరు అంకెలు వచ్చేవి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నాకు తూచడం రాదని పై అధికారి ఇంటికి పంపేస్తాడేమోనని భయం. అందుకని మధ్యలో ఉన్న అంకెను పట్టుకుని, మిగతా అయిదింటినీ దానికి దగ్గరగా దిద్ది, పుస్తకంలో ముచ్చటగా రాసేవాణ్ణి.

గుట్టలోంచి ఆ ఖనిజపు మట్టి ఎత్తి తెచ్చే ఆవిడ భీమిలి వైపు జాలరి కుటుంబం మనిషి, మా అమ్మ వయసుది. ఒకనాడు పుస్తకంలోకి తొంగిచూసింది.

"ఏటి బావూ, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి? నాను అడుగునుంచి తెచ్చింది తడిముద్ద, పైనుంచి తెచ్చింది పొడి. ఒక్క వలే ఏసినా రోజూ ఒక్కలాగే పడతాయేటి సేపలు? మీటింగుల్లో నిజం, నిజం అని అరుత్తావట!"

ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆ ఆరు అంకెలనూ వచ్చినవి వచ్చినట్టే వేరే కాగితం మీద రాశాను. మర్నాడు దిద్దని అంకెలతో వెళ్ళి అధికారి ముందు చేసిన తప్పు ఒప్పుకున్నాను. ఆయన తిట్టాల్సినంతా తిట్టి, అచ్చు గుద్దినట్టున్న నా అంకెలు చూసి నేను అసలు తూస్తున్నానా అని తనకు ఎప్పటినుంచో అనుమానమేనన్నాడు. తర్వాత ఒకే మట్టిని బాగా కలిపి ఆరు భాగాలు చేయించాడు. అంకెల్లో తేడా కొంచెమే, అది మా చేతిదీ త్రాసుదీ. గుట్టలో ఆరుచోట్ల నుంచి తెప్పిస్తే తేడా బాగా పెరిగింది. ఆ పెరిగిందంతా గుట్టదే. ఏ తేడా ఎక్కడిదో విడదీసి, సగటు పక్కన అది అటూ ఇటూ ఎంత మారొచ్చో కూడా రాయమన్నాడు. ఆ వేసవిలోనే ఉద్యోగం ఖాయమైంది. సభల్లో నా గొంతు మాత్రం కాస్త తగ్గింది.

మొన్న మిషను పట్టుకుని కొట్టుకు వెళ్ళలేదు; మూడు అంకెలూ క్యాలెండరు మీద రాసుకున్నాం. ఇప్పుడు ప్రతిదానికీ ఫోను ఒకే అంకె చూపిస్తుంది, అటూ ఇటూ ఎంతని ఎవరూ అడగరు. నా పుస్తకంలోకి తొంగిచూసి నవ్వడానికి ఆ మట్టి తెచ్చే ఆవిడా లేదు.