ఎష్ పొలంబాట దగ్గర కూత

"కూత వెయ్యక తప్పదా?" అని ఎనోస్ ఎష్ ఒకసారి వెర్నన్ గ్రోఫ్‌ని అడిగాడు. అప్పటికి ఎనోస్ విరిగిన మణికట్టును పొట్టకు అదుముకుని ఉన్నాడు. వెనక కంచె దగ్గర అతని గుర్రం చచ్చిపడి ఉంది.

వెర్నన్ మా లాంకస్టర్ వైపు, చూడ్డానికి వచ్చినవాళ్ళను సరదాగా తిప్పే ఆవిరి రైలు నడిపేవాడు. నాలుగున్నర మైళ్ళు మొక్కజొన్న చేల మధ్య వెళ్ళడం, అక్కడ ఇంజన్ని రైలు రెండో కొసకు తెచ్చి తగిలించుకోవడం, అవే చేల మధ్య తిరిగి రావడం. ఎక్కేవాళ్ళు, చర్చి కట్టుబాటు వల్ల కార్లు కొనకుండా గుర్రపు బగ్గీల్లో తిరిగే ఆమిష్ వాళ్ళను తీర్థానికి వచ్చినట్టు చూసేవాళ్ళు. ఆమిష్ వాళ్ళు దేవతలేం కాదు. పాల ధర దగ్గర ఎనోస్‌తో బేరమాడినవాళ్ళెవరికైనా ఆ సంగతి తెలుసు.

ఎనోస్ ఇంటికీ కొట్టానికీ మధ్య పట్టాలున్నాయి. వాటిని దాటే మట్టిబాట అతని సొంతం కాబట్టి అక్కడ కూత వేయాలన్న నియమం లేదు. కూతకు గుర్రాలు బెదురుతాయని వెర్నన్ గంట మాత్రం కొట్టేవాడు. పదకొండేళ్ళు అలాగే గడిచాయి. సోమవారాలు రైలు ఉండదు, వెర్నన్ వాళ్ళింటికి వచ్చి ఎనోస్ భార్య మాలిండా వండిన కోడి పులుసు తిని వెళ్ళేవాడు.

"నీ ఇంజను బండెడు బొగ్గు తిని బయల్దేరిన చోటికే వస్తుంది. నా గుర్రం గంపెడు గడ్డితో ఊరంతా తిరిగొస్తుంది," అనేవాడు ఎనోస్.

"నీ గుర్రానికి టికెట్ కొనేదెవడయ్యా?"

"కొంటారు. నేనే అమ్మను."

ఒక అక్టోబరు శనివారం, డబ్బు కట్టి ఇంజన్‌లో ఎక్కిన పెద్దమనిషి కెమెరా తీశాడు. "అదుగో బగ్గీ. ఒక్క కూత వెయ్యండి సార్, ఆవిరితో సహా ఫొటో బాగా వస్తుంది." వెర్నన్ తాడు లాగాడు. గుర్రం బెదిరి, ఎనోస్‌ని బగ్గీలోంచి పడేసి, కంచె మీదకు దూకి ముందుకాలు విరగ్గొట్టుకుంది. పక్క పొలం ఆయన తుపాకీ తెచ్చి దాని బాధ తీర్చాడు.

ఎనోస్ ప్రశ్నకు వెర్నన్ చెప్పిన జవాబు ఇది: "కొత్త రూలయ్యా. ఈ నెల నుంచే."

"రూలైతే సరే," అన్నాడు ఎనోస్.

టోపీ అంచు ఎన్ని అంగుళాలుండాలో కూడా చర్చి కట్టుబాటు ప్రకారం నడిచే మనిషి అతను. ఇంకొకరి రూలును ఎందుకు ప్రశ్నిస్తాడు? మూడో రోజు భార్యాభర్తలు బెల్లపు పాకం పోసి కాల్చిన తీపి రొట్టె పట్టుకుని వెర్నన్ ఇంటికి వచ్చారు. "మా మనసులో ఏమీ లేదు. నువ్వూ పెట్టుకోకు," అంది మాలిండా. ఊళ్ళో అందరూ ఆ క్షమాగుణాన్ని తెగ మెచ్చుకున్నారు. అసలు సంగతి తెలిశాక నాకు మాత్రం ఆ మెప్పు మింగుడుపడలేదు. వాళ్ళు క్షమించింది రూలు పాటించిన మనిషిని. ఫొటో కోసం కూత వేసినవాణ్ణి ఎవరూ క్షమించలేదు, ఎందుకంటే వాడి సంగతి ఎవరికీ తెలియదు.

అబద్ధం ఆడాక దాన్ని మొయ్యాలి కదా. అప్పట్నుంచి వెర్నన్ ఆ బాట దగ్గర ప్రతిసారీ కూత వేశాడు. ఎనోస్ బాట మీద ఉంటే బగ్గీ దిగి, కొత్త గుర్రం తల రొమ్ముకు పొదువుకుని నిలబడేవాడు. రైలు దాటుతుంటే మరో చెయ్యి ఊపేవాడు. ఏడేళ్ళు ఊపాడు. వెర్నన్ సోమవారాలు ఆ ఇంటికి వెళ్ళడం మానేశాడు.

మొన్న వసంతంలో ఉద్యోగం మానాక, గుర్రం ఖరీదు కవర్లో పెట్టుకుని వెళ్ళాడు.

"ఇదేంటి?" అన్నాడు ఎనోస్.

"గుర్రానికి."

"దానికి అప్పుడే మా వాళ్ళు తలా కొంత వేసుకున్నారుగా. అయినా రూలు ప్రకారం చేసినవాడి దగ్గర డబ్బెట్లా తీసుకుంటాం? రూలు కాదంటావా, చెప్పు, తీసుకుంటా."

వెర్నన్ వంటింటి వైపు తిరిగాడు. "కోడి పులుసు వాసనొస్తోందే," అన్నాడు.

"అయితే కూర్చో, ఏడేళ్ళ బాకీ తిను," అంది మాలిండా.

తిన్నాడు. కవరు జేబులో పెట్టుకుని వచ్చేశాడు. ఈ సంగతి నాకు చెప్పి, ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదు.

గుర్రం ఖరీదు ఆరువేల రెండువందల డాలర్లు. అందులో వెర్నన్ ఇప్పటికీ ఒక్క డాలరు కట్టలేదు.