నోటరీ దొర పిల్లికి నేను చెప్పిన చదువు

ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు గానీ, నేను ఉద్యోగంలో చేరిన కాలంలో పుదుచ్చేరిలో మధ్యాహ్నం అంటే నిజంగా మధ్యాహ్నమే. పన్నెండు కొట్టేసరికి దొరల వీధులన్నీ కిటికీలు మూసుకుని నిద్రపోయేవి. రెండున్నర దాకా కచేరీల్లో కాగితం కదిలేది కాదు. ఆ ఖాళీ సమయంలో కొందరు గుమాస్తాలు చీట్లపేక నేర్చుకున్నారు, కొందరు ముక్కుపొడుం నేర్చుకున్నారు. నేను ఏ చెడ్డ అలవాటూ నేర్చుకోలేదని మా అమ్మ చనిపోయేదాకా గర్వంగా చెప్పుకునేది. నేర్చుకోని మాట నిజమే. నేర్పాను. అదీ ఒక పిల్లికి.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఒక ఫ్రెంచి నోటరీ దొర దగ్గర నకలు రాసే గుమాస్తాగా చేరి మూడు నెలలైంది. ఊళ్ళో ఎవరు ఇల్లు అమ్మినా, తోట కొన్నా, వీలునామా రాసినా ఆ దస్తావేజు దొర ముందు సంతకమయ్యేది. దానికి గుండ్రటి అక్షరాలతో నకలు తీయడం నా పని. ఆ కాగితాల మీద ఎలుకలు పడకుండా చూడటం పిల్లి పని. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి పాదాలు. దొరసాని ఫ్రాన్సుకు వెళ్ళిపోతూ దొరకు వదిలిపెట్టిన పిల్లి అది. దొర దాన్ని 'మినూ' అని పిలిచేవాడు. (ఆయన గొంతు మెత్తబడటం ఆ రెండక్షరాల దగ్గరే వినేవాళ్ళం.) కచేరీ ఊడ్చే ముసలమ్మ మాత్రం 'పూనమ్మా' అనేది. అరవంలో పూన అంటే పిల్లే కదా. ఆ ముసలమ్మను అందరూ చీపురవ్వ అనేవాళ్ళు, నేనూ అలాగే అనేవాణ్ణి. మేముండే ఉప్పళం పేటలోనే ఉండేది, మా ఇంట్లో మాట్లాడే తెలుగే మాట్లాడేది.

మధ్యాహ్నం ఆ పెద్ద గదిలో నేనూ పిల్లీ మిగిలేవాళ్ళం. ఏం తోచక ఒకరోజు బల్ల మీద వేళ్ళు ఎలుకలా నడిపించాను. పిల్లి ఎగిరి పట్టుకుంది. మెత్తగా, పళ్ళు దిగకుండా పట్టుకుంది. నాకు ముచ్చటేసింది. మర్నాడు కలం పట్టుకుని గాలిలో రాస్తున్నట్టు ఆడించాను. కలం మీదికీ దూకింది. దూకినప్పుడల్లా "భలే భలే" అని తల నిమిరేవాణ్ణి. ఇట్లా రెండు నెలలు గడిచేసరికి మా ఆట బాగా ముదిరింది. పళ్ళు దిగడం మొదలైంది. నా మణికట్టు నిండా గీతలు. బాధ వేసినప్పుడు కొలబద్దతో దాని ముక్కు మీద ఒకటి వేసేవాణ్ణి. అది చెవులు వెనక్కి వాల్చి మరింత గట్టిగా కరిచేది. 'ఈ జాతికి విశ్వాసం ఉండదు' అని నాలో నేనే తీర్పు చెప్పుకునేవాణ్ణి. (ఇరవై ఏళ్ళ వయసులో నేను ఏ విషయానికైనా తీర్పు చెప్పగలిగేవాణ్ణి.)

ఇక అసలు సంగతి. కాలాపేట నుంచి ఒక పెద్దాయన తన కొబ్బరితోట అమ్మే దస్తావేజు మీద సంతకం పెట్టడానికి వచ్చాడు. జరీ ఉత్తరీయం, చెవులకు కమ్మలు. దొర బల్ల మీద నేను నలభై పుటలు రాసిన దస్తావేజు పరిచారు. పిల్లి ఎప్పటిలాగే బల్ల చివర ఎండలో పడుకుని ఉంది. పెద్దాయన కలం సిరాలో ముంచి, తన పేరులో మొదటి అక్షరానికి పెద్ద సున్నా చుట్టబోయాడు. అంతే. బూడిదరంగు మెరుపొకటి బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళింది. పెద్దాయన "అయ్యో" అని లేచాడు. సిరాబుడ్డి దొర్లింది. నలభై పుటల మీద నల్లటి ఏరు పారింది, పక్కనే ఎర్రటి చుక్కలు. పిల్లి బల్ల మధ్యలో నిలబడి నేరుగా నా వైపు చూసింది. ఎప్పటిలా 'భలే' అంటానని ఎదురుచూస్తోంది.

పెద్దాయన చేతికి కట్టు కట్టి, నెల తర్వాత రమ్మని బతిమాలి పంపాక, దొర ముఖం కందగడ్డలా అయింది. "ఈ జంతువును గోనెలో వేసి ఊరవతల వదిలేయండి" అని పెద్ద గుమాస్తాతో అన్నాడు. అని, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు చూస్తే ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమైందో తెలిసింది. పెద్ద గుమాస్తా గోనె కోసం వెళ్ళాడు. మూల ఊడుస్తున్న చీపురవ్వ నా దగ్గరికి జరిగి, వినీ వినపడనట్టు అంది:

"ఏంది సామీ, నువ్వు నోరు తెరవవా? ఆ పూనకి ఏం తెలుసు, పావం. నువ్వు నేర్పించింది కదా అది చేసింది."

చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాను. "నీకెట్లా తెలుసు అవ్వా?"

"నా కండ్లు యాడ పోయినాయి? దినమూ చూస్తా ఉండానే."

నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది. తెరవకపోతే పిల్లి పోతుంది. నేను ధైర్యవంతుణ్ణని చెప్పను. అవ్వ అక్కడే చీపురు పట్టుకుని నిలబడి నన్ను చూస్తూ ఉండకపోతే, నేను నోరు మూసుకునే ఉండేవాణ్ణి. దొర ముందుకు వెళ్ళాను. పిల్లి తప్పు కాదు, తప్పు నాది అని చెప్పాలని నా ఉద్దేశం. కానీ భయంలో నా ఫ్రెంచి సగం జారిపోయింది. మిగిలిన సగంతో నేను చెప్పిన మాటకు అర్థం ఇది: "అయ్యా, ఆ పిల్లిని నేనే."

దొర మెల్లగా ఇటు తిరిగాడు. కళ్ళద్దాల మీదుగా నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "మీసం చూస్తే అట్లాగే ఉంది" అన్నాడు. (అప్పుడే మొలుస్తున్న మీసం. వైపుకు నాలుగు వెంట్రుకలు.) తర్వాత మణికట్టు చూపించి, వేళ్ళు ఎలుకలా ఆడించి, మొత్తం అభినయించి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చివరకు, "నలభై పుటలూ నువ్వే మళ్ళీ రాయి. నెల తర్వాత ఆయన సంతకం పెట్టేరోజు ఈ పిల్లి ఈ బల్ల మీదే ఉంటుంది. అది ఆయన చేతిని ముట్టుకుందో, మీరిద్దరూ కలిసి బయటికి నడవండి" అన్నాడు.

ఆ సాయంత్రం అవ్వ కాళ్ళ మీద పడినంత పనిచేశాను. "నాకు పిల్లి సంగతి ఏమీ తెలియదవ్వా, నువ్వే దారి చూపించాలి."

"మొదట నీకు నేర్పించాల. దానికి తరవాత" అంది అవ్వ.

మొదటి పాఠం, చేతులతో ఆట బందు. రెండో పాఠం నాకు చాలా కష్టమైంది. పిల్లి కరిచినప్పుడు అరవకూడదు, చెయ్యి లాక్కోకూడదు. "సుమ్మా ఉండు సామీ" అనేది అవ్వ. కదలకుండా, ఊరికే ఉండమని. "నువ్వు అరిచి చెయ్యి లాగితే దానికి ఎలక పరిగెత్తినట్టే గదా. ఎలక చచ్చిపోతే ఇంకేం ఆట? సుమ్మా ఉండు, వదిలినాక లేసి ఎల్లిపో." నేను శిలలా ఉండటం నేర్చుకున్నాను. పిల్లి నా బొటనవేలు కొరుకుతుంటే కళ్ళ నీళ్ళు కారుస్తూ, ముఖంలో మాత్రం ఏమీ లేనట్టు కూర్చోవడం మొదటి వారమంతా నా ఉద్యోగం. కొలబద్ద చేతిలోకి తీసుకున్న ఒకరోజు అవ్వ దాన్ని లాక్కుంది. "కొడితే నీ చెయ్యంటే భయం వస్తాది. భయం వస్తే ఇంకా కొరకతాది. నీకు అది కావాల్నా?"

అలాగని ఆట మానిపించలేదు. కొబ్బరితాడు చివర గుడ్డపీలిక కట్టి ఇచ్చింది. నా చేతికి దూరంగా, నేల మీద పాములా లాగమంది. పిల్లి అలిసిపోయేదాకా దూకేది. ఆపైన జాలర్లుండే కురుచికుప్పం నుంచి అవ్వ తెచ్చిన చేపతల ఒకటి తిని, ఒళ్ళు నాక్కుని, పడుకునేది. కుర్చీకాళ్ళు గీరకుండా వరండా స్తంభానికి అదే రకం తాడు చుట్టింది. "గోళ్ళు గీరద్దు అంటే ఎట్ల? దాని గోళ్ళు దానికి కావాల. యాడ గీరాలనో చూపించాల, అంతే." నిమిరేటప్పుడు తోక కొస చూడమంది. కొస టపటపా కొట్టుకుంటే, చెవులు పక్కకు తిరిగితే, వీపు మీద చర్మం వణికితే, 'ఇక చాలు' అంటోందని అర్థం. నిజమే! అది పాపం ప్రతిసారీ ముందే చెప్పేది. రెండు నెలలూ వినిపించుకోనిది నేనే.

అసలు చిక్కు కలంతో వచ్చింది. నకలు రాయడం మొదలుపెడితే చాలు, పాళీ బరబర చప్పుడుకు పిల్లి కళ్ళు గుండ్రంగా అయ్యేవి. వెంటనే కలం కింద పెట్టి సుమ్మా ఉండాలి. అది తల తిప్పుకున్నాక మళ్ళీ రాయాలి. పదానికొకసారి ఆగుతూ రాస్తుంటే పెద్ద గుమాస్తా ఓర్చుకోలేక, "ఏమిరా అబ్బాయ్, దస్తావేజు రాస్తా ఉండావా, రాతిమీద చెక్కతా ఉండావా?" అన్నాడు. కానీ ముప్ఫయ్యో పుటకు వచ్చేసరికి పిల్లి నా మోచేతి పక్కన పడుకుని, కలం చప్పుడు వింటూ నిద్రపోయింది. ఆ పుట చివర రెండక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. సంతోషం పట్టలేక నా కంట్లోంచి పడిన చుక్క అది.

సంతకం రోజు వచ్చింది. కాలాపేట పెద్దాయన కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. పిల్లిని చూడగానే తను సంతకం చేయడం మర్చిపోయానని, వేలిముద్ర అయితే దూరం నుంచి వేస్తానని అన్నాడు. దొర ఒప్పుకోలేదు. పొద్దుటి నుంచీ నేను పిల్లిని తాడుతో ఆడించి, చేపతల పెట్టి, సిద్ధం చేసే ఉంచాను. పెద్దాయన తువ్వాలు విప్పి, కలం తీసుకుని, సున్నా చుట్టడం మొదలుపెట్టాడు. పాళీ బరబరమంటోంది. పిల్లి కళ్ళు తెరిచింది. తోక కొస ఒకసారి కొట్టుకుంది. రెండోసారి కొట్టుకుంది.

"ఆపండి! ఎవరూ కదలకండి!" అన్నాను.

ఆ మాట అన్నది నేనేనా అని ఇప్పటికీ అనుమానమే. దొర, పెద్దాయన, పెద్ద గుమాస్తా, నలుగురు సాక్షులు, అందరూ ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా ఆగిపోయారు. కచేరీ అంతా ఊపిరి బిగబట్టి సుమ్మా ఉంది. పిల్లి ఒక్కొక్కరి ముఖం చూసింది. ఆవులించింది. బల్ల మీంచి దూకి, నిదానంగా వరండాలోకి వెళ్ళి, తాడు చుట్టిన స్తంభాన్ని తీరిగ్గా గీరుకుంది. "కానివ్వండి" అన్నాడు దొర. సంతకం పూర్తయింది. అందరూ వెళ్ళాక ఆయన వరండాలోకి వెళ్ళి "మినూ" అని పిలిచాడు. తర్వాత మమ్మల్నెవరినీ చూడకుండా వంగి దాని తల నిమిరాడు.

అవ్వకు ఏమిచ్చి రుణం తీర్చుకోవాలో తెలియక, ఏం కావాలో అడిగాను. యానాంలో ఉన్న చెల్లెలికి ఒక జాబు రాసిపెట్టమంది. ఆ చెల్లెలు చిన్నప్పటి నుంచీ అవ్వను 'నీకేం తెలుసు' అంటూ ఉండేదట. నాన్న ఇంట్లో నేర్పిన తెలుగు నాకు అక్కరకొచ్చింది. అవ్వ స్తంభానికి ఆనుకుని కూర్చుని చెప్పింది: "రాయి సామీ. ఫ్రెంచి చదివిన గుమాస్తా ఒకడు నా కాడ పాఠం నేర్చుకున్నాడని రాయి. పిల్లిని ఎట్ల చూసుకోవాలనో వానికి తెలీదు, నేనే నేర్పించినానని రాయి." రాశాను. చదివి వినిపించాను. తృప్తిగా తలాడించి, ఇంకొక మాట చేర్చమంది. "పిల్లవాడు మంచోడే, కాకపోతే బుర్రకు ఎక్కేదానికి కొంచెం నేరం పడతాది."

అరవంలో నేరం అంటే సమయం, ఆలస్యం. అవ్వకు చదువు రాదు. ఆ ఒక్క వాక్యం నేను రాయకుండా, రాసినట్టు చదివి వినిపించినా ఆమెకు తెలిసేది కాదు. కలం పట్టుకుని ఒక్క క్షణం ఆ ఆలోచన కూడా చేశాను. కానీ రాశాను. యానాంలో వాళ్ళకు అర్థం కాదేమోనని, 'నేరం' అన్నచోట 'ఆలస్యం' అని మార్చి మరీ రాశాను. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకుంటే, నా చేత్తో నేను రాసిన వేలాది పుటల్లో పూర్తిగా నిజమైన వాక్యం అదొక్కటేనేమో అనిపిస్తుంది. ఇరవై ఏళ్ళనాటి నేను, ఆ కుర్రవాడు, ఇప్పుడు ఎదురైతే, దాన్ని ఇంకాస్త గుండ్రటి అక్షరాలతో రాయమని చెప్తాను.