బైండరమ్మ గోడలు

గ్రంథాలయం వెనక గదిలో పుస్తకాలు బాగుచేసే ఆవిడను అందరూ బైండరమ్మ అనే పిలుస్తారు. కుట్లు ఊడినవాటికి కుట్లు వెయ్యడం, అట్టలు పోయినవాటికి కొత్త అట్టలు కట్టడం ఆవిడ పని. ఎక్కువగా చేతికొచ్చేవి పిల్లల పుస్తకాలే. పిల్లలు ఇష్టపడ్డ పుస్తకం గతి చెప్పక్కర్లేదు కదా, మూలలు నమిలి, బొమ్మలు అరిగేదాకా వేళ్ళతో రుద్ది పంపిస్తారు.

వాటిలో పాతకాలపు బొమ్మలంటే ఆవిడకు ప్రాణం. సన్నటి సిరా గీతలు, నీళ్ళలాంటి పలచటి రంగులు. గొడుగు వేసుకుని బురద దాటే బాతు, తీగ మీద బట్టలు ఆరేసే ఉడుతలు, కళ్ళజోడు పెట్టుకుని మొక్కలకు నీళ్ళు పోసే ఎలుగుబంటి. జిగురు ఆరేదాకా పేజీ తెరిచే ఉంచాలి గనక, ఆరినంతసేపూ చూస్తూ కూర్చునేది.

ఆవిడకూ, లిఫ్టులు బాగుచేసే భర్తకూ పిల్లలు కలగలేదు. మొదట్లో డాక్టర్ల చుట్టూ తిరిగారు, తరవాత మానేశారు. ఆ బాధ వాళ్ళిద్దరూ దిగమింగి చాలా కాలమైంది. చుట్టాలకే ఇంకా గొంతులో అడ్డం పడి ఉంది.

ఆ ఏడు చలి వదలగానే బైండరమ్మ కిటికీలు బార్లా తెరిచింది. వెలుతురు పడేసరికి ముందుగది గోడలు మసిబారి, దిగులుగా కనిపించాయి.

"ఈ గదిని పుస్తకంలో పేజీలా చేసేస్తా," అంది.

"ఏ పుస్తకం?" అన్నాడు భర్త, బూట్లు తుడుచుకుంటూ.

"వసంతం వచ్చే పుస్తకం."

"అయితే నిచ్చెన నేను తెస్తాలే."

తెల్లరంగులో కాస్త పసుపు, ఇంకాస్త గోధుమరంగు కలిపి గోడకు పాత కాగితం రంగు తెచ్చింది. నల్లగీతలు కళ్ళల్లో పొడుస్తాయని మట్టిరంగుతో గీసింది. కిటికీ కింద బాతు గొడుగేసుకుని బయల్దేరింది. ఉడుతల తీగ సోఫా వెనక నుంచి తలుపుదాకా సాగింది. ఎలుగుబంటిని మూలన నిలబెట్టి, అది నీళ్ళు పోసేచోట నిజం పూలకుండీలు పెట్టింది. బైండింగులో మిగిలిన గుడ్డముక్కలు కలిపి తెరలు కుట్టింది. కుర్చీలకు లేతాకుపచ్చ రంగు వేసింది.

అంతా పూర్తయ్యాక ఆమె ఆడపడుచు, అంటే ఆయన అక్క, చూడ్డానికి వచ్చింది. గదంతా కలయజూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమ్మా, పిల్లలున్న ఇళ్ళల్లో కూడా ఇన్ని బొమ్మలుండవే. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? పాపం, ఆ బెంగతో మతి చెడిందనుకోరూ?"

"అనుకోనీ వదినా. ఇవి పిల్లల కోసం కాదు, నాకోసం వేసుకున్నా."

"నీ వయసేమిటి, ఈ ఎలుగుబంటేమిటి?"

"దానిదీ నా వయసే. కళ్ళజోడు చూడు."

భర్త ఫక్కున నవ్వాడు. ఆడపడుచు నవ్వలేదు.

వాళ్ళ ఇంటి తాళంచెవి ఒకటి ఎప్పుడూ ఆడపడుచు దగ్గరే ఉండేది. కొన్నాళ్ళకు, దంపతులిద్దరూ పనిలో ఉండగా, పెయింటర్లను పిలిపించి గోడలన్నిటికీ తెల్లరంగు వేయించేసింది. తమ్ముడి పరువు కాపాడుతున్నాననే నమ్మింది.

సాయంత్రం బైండరమ్మ తలుపు తియ్యగానే పచ్చిరంగు వాసన గుప్పుమంది. గోడలు ఆసుపత్రి గోడల్లా ఉన్నాయి.

"ఇంటికి ఎంత కళొచ్చిందో చూడు," అంది ఆడపడుచు సోఫాలోంచి.

బైండరమ్మ వెళ్ళి బాతు ఉండాల్సిన చోట చెయ్యి ఆనించింది. అరచేతికి తెల్లరంగు అంటుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని, అక్కడ రాలనివ్వలేదు.

"తాళంచెవి ఇచ్చెయ్ వదినా."

"ఏం తాళంచెవి?"

"మా ఇంటిది."

అప్పుడే తమ్ముడు లోపలికొచ్చాడు. ఆడపడుచు ఆశగా అతని వైపు తిరిగింది. అతను గోడలు చూశాడు, భార్య చెయ్యి చూశాడు.

"ఇచ్చెయ్యక్కా," అన్నాడు. "మాకు పిల్లలు లేరని నీకంటే మాకే బాగా తెలుసు. అందుకని మా గోడలు బోసిగా ఉండాలా?"

ఆడపడుచు తాళంచెవి బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది.

రంగు ఆరగానే బైండరమ్మ మళ్ళీ నిచ్చెనెక్కింది. ఈసారి తగ్గి వెయ్యలేదు. ఎలుగుబంటి తల పైకప్పుకు తగిలింది. ఉడుతల తీగ తలుపు దగ్గర ఆగకుండా, గడప దాటి, మెట్లగోడ పట్టుకుని కిందికి దిగింది. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు తాతగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఇక చీవాట్లే అనుకుంది బైండరమ్మ.

"మా తలుపు ముందు ఆపేశావేమ్మా? మావి కూడా ఏవైనా ఆరెయ్యి," అన్నాడాయన.

ఆయన చిల్లుల బనీను కూడా తీగకెక్కింది.

ఆడపడుచు వానలు మొదలయ్యేదాకా రాలేదు. వచ్చాక బెల్లు కొట్టి, తలుపు తీసేదాకా బయటే నిలబడింది. ఎలుగుబంటికి వీపు పెట్టి కూర్చుంది. జరిగినదానికి బాధపడుతున్నానని అనలేదు. బైండరమ్మా ఆ ఊసెత్తలేదు.

"ఇంకా పసిపిల్లల బడిలాగే ఉంది మీ ఇల్లు," అంది చివరికి.

"అవును వదినా," అంది బైండరమ్మ, టీ కప్పు అందిస్తూ. "వచ్చే వసంతానికి వంటిల్లు మొదలుపెడుతున్నా."