పెదనాన్న గుగ్గిలం

మా పెదనాన్న చేతి పని చూసి నేను నోరు తెరిచిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆయన చేసిన తప్పు చూసి నోరు తెరిచింది మాత్రం ఒక్కసారే.

పడవ చెక్కల సందుల్లో నార కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పైన పట్టించి, చుక్క నీరు లోపలికి రాకుండా చేయడం ఆయన వృత్తి. ధవళేశ్వరం దిగువ లంకల్లో ఆయన చెయ్యి పడని చెక్క పడవ ఉండేది కాదు. ఫైబర్ పడవలు వచ్చాక ఆ పనికి పిలిచేవాళ్ళు లేకపోయారు. అప్పటినుంచి ఆయన ప్రాణమంతా పాత జీపు మీదే. చేపల బుట్టల్నీ, వాటిని అమ్మే ఆడవాళ్ళనీ ఎక్కించుకుని, పాయలో మోకాలి లోతు నీళ్ళు దాటి గట్టెక్కేది. నాలుగు చక్రాలూ లాగే బండి మా లంకలో అదొక్కటే. నాకు డ్రైవింగ్ నేర్పిందీ అదే, తిట్లు నేర్పిందీ అదే.

ఈ వేసవిలో నేను రాజమండ్రి నుంచి ఊరెళ్ళేసరికి దాని ముందు ఇరుసు నుంచి ఆయిల్ కారుతోంది. మెకానిక్ రెండుసార్లు సీలు మార్చాడట. సీలంటే, తిరిగే ఇరుసు చుట్టూ ఆయిల్‌ని పట్టి ఉంచే రబ్బరు వలయం. రెండుసార్లూ వారం తిరక్కుండానే మళ్ళీ మొదలైంది. ఆయిల్ బ్రేకులోకి దిగితే, మనుషుల్ని ఎక్కించుకుని గట్టు దిగడం ప్రాణాలతో చెలగాటమే.

"ఆఖరుసారి మనిద్దరం ఇప్పి సూద్దామే. ఆదివారానిక్కూడా కారతా ఉంటే పాత ఇనప సామాన్లాయనకి ఇచ్చేత్తాను. మాటిచ్చేశాను," అన్నాడు పెదనాన్న. మాట తప్పడం ఆయన ఇంటా వంటా లేదు.

చక్రం ఊడదీశాం. చక్రాన్ని పట్టి ఉంచే హబ్ లాగి, ఇరుసు కడ్డీ బయటికి తీశాం. డీజిల్‌తో కడిగితే దాని జాయింటు అద్దంలా మెరిసింది. నాకంటే పెద్ద వయసున్న ఇనుము, ఇన్ని వరదల బురదలో తిరిగి కూడా లోపల ఇంత శుభ్రంగా ఉందా అని అలాగే నిలబడిపోయాను.

"దేవుణ్ణి సూసినట్టు సూత్తావేంటే, గుడ్డ ఇలాగియ్యి," అని కసిరాడు.

కొత్త సీలు కూర్చోబెట్టి, అన్నీ బిగించి, ఆయిల్ పోసి, ఏటిగట్టు మీద ధవళేశ్వరం దాకా వెళ్ళి వచ్చాం. చక్రం వెనక చూస్తే అప్పుడే తడి. పెదనాన్న తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయిల్ ఎంత మిగిలిందో చూద్దామని కిందికి దూరి, దాన్ని పోసేచోటి బిరడా తిప్పాను. బుస్సుమంది! కుక్కర్ విజిల్ ఎత్తినట్టు వేడిగాలి నా మొహాన కొట్టింది.

బండి నడిస్తే ఇరుసు చుట్టూ ఉన్న ఇనప గొట్టం వేడెక్కుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది. అది పోవడానికి పైన ఒక చిన్న రంధ్రం ఉండాలి. వేళ్ళతో తడిమాను. రంధ్రం ఉండాల్సిన చోట, బురద కింద, రాయిలాంటి బొడిపె తగిలింది. గోకితే తేనెరంగు తేలింది. వాసన చూశాను. గుగ్గిలం.

"పెదనాన్నా, ఇదెవరు పెట్టారు?"

వంగి చూశాడు. "నేనేనే. కిందటేడు వరదకి ముందు. బెజ్జం కనపడితే ఊరుకుంటానా? నీళ్ళు పోవూ?"

"నీళ్ళు పోవు సరే, గాలెటు పోతుంది? అదే సీలుని తోసేస్తోంది!"

అనేశాక ఆయన మొహం చూడలేకపోయాను. కానీ నా మనసంతా ఆ బొడిపె మీదే ఉంది. లోపలి ఒత్తిడికి ఫ్యాక్టరీ రబ్బరు మూడుసార్లు ఓడిపోయింది. పెదనాన్న గుగ్గిలం మాత్రం వేడిలో, నీళ్ళలో, ఇనుము మీద వెంట్రుకవాసి కదల్లేదు. ఇలాంటి చేతులకా మనం పని లేదన్నది?

ఉలి ఆయనే పట్టాడు. పెళుసుగా రాలుతుందనుకున్నాను గానీ గోరంత గోరంతగా ఊడింది. రంధ్రానికి రబ్బరు గొట్టం తగిలించి, నీళ్ళు అందకుండా దాని కొస ఇంజను పైదాకా లాగి కట్టాం. మర్నాడు ఇంకో సీలు వేసి, పాయ అటూ ఇటూ దాటించి చూశాం. చుక్క కారలేదు.

ఆదివారం సామాన్లాయన ట్రక్కాటో వేసుకుని రానే వచ్చాడు. వీధిలో వాళ్ళూ చేరారు.

"బండి ఇచ్చేస్తానన్నారు కదండీ?" అన్నాడాయన.

"కారితే ఇత్తానన్నానండి. కారట్లేదు."

"మెకానిక్కుకే లొంగలేదన్నారు, ఏంటండీ దాని రోగం?"

ఇంతమందిలో ఆయన పరువేమవుతుందోనని నాకు భయమేసింది. తప్పు మెకానిక్ మీదికో సీలు మీదికో తోసేస్తే అడిగేవాళ్ళు లేరు. నేనూ నోరు విప్పేదాన్ని కాను. పెదనాన్న బానెట్ మీద చెయ్యి వేసి, వీధంతా వినేలా చెప్పాడు.

"ఆయ్, ఈ చేత్తో నేనే దాని ముక్కు మూసేశానండి. అయినా ఇన్నాళ్ళూ మమ్మల్ని మోసింది."