కుండీల గులాబీలకు మక్కచేను మందు

నవ్వకుండ వింటమంటెనే చెప్తా. మొన్న శుక్రవారం నా ఇజ్జత్ మొత్తం పోయింది. అదీ ఆరు గులాబీ కుండీల పుణ్యాన!

నేను సౌదీ తాయిఫ్‌ల హౌస్ డ్రైవర్‌ని, మీకెరుకే. నన్ను పనికి పెట్టుకున్న మా కఫీల్ వాళ్ళమ్మను ఖాలా అంటా, అంటే చిన్నమ్మ. మంచి మనిషి. మేడ మీద ఆమెకు ఆరు గులాబీ కుండీలున్నయ్. ఊరి సుట్టు గులాబీ తోటలే, ఈమె కుండీలల్ల మాత్రం ఉత్త ఆకులు. ఖమీస్ ముషైత్‌ల ఉండే వాళ్ళక్క వచ్చినప్పుడల్లా "ఈసారి గూడ ముండ్లేనా?" అని ఎక్కిరిస్తదట. ఈసారి అక్క వచ్చేటాళ్లకు ఒక్క పువ్వన్న పూయాలెనని ఖాలాకు ఒకటే పట్టుదల.

నేను ఊకుంటే అయిపోవు గదా. నా నోరు ఊకుంటదా? నాకిడిసిపెట్టు ఖాలా, నేను రైతుబిడ్డను అన్న. ఆమె మొఖం ఎంత సంబురమైందో! ఆ దినం నుంచి ఖర్జూరాలు నాకే ముందు, గావా కాఫీ నాకే ముందు.

మాది జగిత్యాల దిక్కు, మక్కచేను. మక్క ఏపుగ రావాలంటే ఏమేస్తం? యూరియా. నర్సరీకి పోయి ఒక సంచి తెచ్చిన. కుండీకో పిరికెడు మొదట్ల పోసి నీళ్లు పట్టిన. మూడోనాటికి ఆకుల అంచులు మాడినయ్. బుద్ధున్నోడైతే ఆడికి ఆగుతడు. నేనేమో మందు సాల్లేదనుకొని ఇంకో పిరికెడు ఏసిన! బుధవారం కల్లా ఆకులన్నీ రాలినయ్. అప్పుడప్పుడే తొడిగిన రెండు మొగ్గలు గూడ నల్లబడ్డయ్.

శుక్రవారం అక్క దిగింది. సక్కగ మేడెక్కింది, కుండీలు జూసింది. "ఈసారి ముండ్లు గూడ ఎండినయే" అన్నది. ఖాలా తల దించుకున్నది. నన్ను నాలుగు తిట్టినా బాగుండు. సిగ్గుతోని సచ్చిపోయిన అనుకోండి. పైంగ నా మీద ఆమెకు ఇంకా నమ్మకమే! మీ ఇంటికి ఫోన్ చెయ్యి కొడుకా, రైతులు గదా, చెట్లకేం రోగమొచ్చిందో చెప్తరు అన్నది.

ఇంక తప్పుతదా? వీడియో కాల్ చేసిన. మా ఆమె ఎత్తింది. ఎంత మందేసినవు అన్నది. పిరికిలి జూపిన. రెండుసార్లని మెల్లగ చెప్పిన.

"కుండీకి చిటికెడు సాలు గదయ్యా! నువ్వెన్నడన్న చేన్ల యూరియా చల్లినవా? చల్లేది నేను, కలుపు తీసేది నేను. నువ్వు గెట్టు మీద కూసోని ఫోన్ జూసుడే గదా!"

ఏమంటుందని ఖాలా అడిగింది. ఏదో ఒక అబద్ధం ఆడుదామనే అనుకున్న. కానీ మా ఆమె అప్పటికే పిరికిలి జూపి తలకాయ కొట్టుకున్నది, రెండు వేళ్లతోని చిటికెడు జూపింది, చల్లినట్టు చెయ్యి తిప్పి తన గుండె మీద ఏసుకున్నది. ఆఖరికి నా దిక్కు వేలు పెట్టి, ఫోన్ నొక్కుతున్నట్టు బొటనేలు ఆడించింది. ఇంక నేను తర్జుమా చేసేదేముంది?

అక్క పడిపడి నవ్వింది. ఖాలాకు గూడ నవ్వాగలేదు. కండ్లు తుడుసుకుంట నా దిక్కు జూసి, "ఆమెకు వీసా తీస్తా. నువ్వు ఇంటికి పో" అన్నది.

ఏమన్నదయ్యా, ఏమన్నది అని మా ఆమె ఒకటే అడుగుడు. నీకు సలాం చెప్తుందని ఫోన్ పెట్టేసిన. నిజం చెప్తే సంచి సర్దుకునేటట్టే ఉన్నది మరి!