మొదటి అంకె ఆరు

2024 సెప్టెంబరు 3, మంగళవారం, ఉదయం 9 గంటల 20 నిమిషాలకు, ఒమాన్‌లోని ఇబ్రాలో నా బండి పరీక్ష తప్పింది.

తనిఖీ చేసిన ఒమానీ కుర్రాఫీసరు మర్యాదస్తుడు. బండి కింది గోతిలోంచి పైకి వచ్చి, చేతులు తుడుచుకుని, కాగితం మీద రెండు గీతలు పెట్టాడు. స్టీరింగు వదులు. ఇంజిన్ కింద నూనె కారుతోంది.

"సిస్టర్, హాదా ఖలాస్," అన్నాడు. ఇది అయిపోయింది అని. తర్వాత నా మొహం చూసి హిందీలోకి మారాడు. "మీ వయసెంత, సిస్టర్?"

"పరీక్ష నాకా, బండికా?" అన్నాను.

నవ్వాడు గానీ కాగితం మార్చలేదు. మార్చకూడదు కూడా. నేనైనా మార్చను.

ఇక్కడ బండి రిజిస్ట్రేషన్ కార్డును ముల్కియా అంటారు. ఏటా తిరగ రాయించాలి. పాత బండి అయితే ముందు ఈ తనిఖీలో నెగ్గాలి. నా ముల్కియా గడువు అక్టోబరు 10. అంటే చేతిలో ముప్పై ఏడు రోజులున్నాయి. నాకప్పటికి అరవై తొమ్మిదేళ్ళు. ప్రైవేటు క్లినిక్కులో నర్సుల ఇన్‌ఛార్జిని, ఏడాదికోసారి నా కాంట్రాక్టు కూడా తిరగ రాస్తారు. ఆ వయసులో నాకు కొత్త బండికి ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు. ఈ బండి పోతే ఇంకో బండి రాదు. ఇక మిగిలిన రోజులన్నీ ఎవరో ఒకరి బండిలో వెనక సీట్లో, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, వాళ్ళు ఎప్పుడు బయల్దేరితే అప్పుడు బయల్దేరాలి. నాకు ఇష్టం లేనిది అదొక్కటే.

లైసెన్సు నాకు ఐదోసారికి వచ్చింది. ఇక్కడ డ్రమ్ముల మధ్య బండిని వెనక్కి పోనిచ్చే పరీక్ష ఒకటి ఉంటుంది. నాలుగుసార్లు డ్రమ్ము పడగొట్టాను. నాలుగు తేదీలూ నా దగ్గర ఉన్నాయి. ఐదోసారి పడలేదు. తర్వాత 2006 మార్చి 18న ఈ బండి కొన్నాను. మంచం అంత వెడల్పు, తెలుపు, అమెరికా కంపెనీది.

అమెరికాదే ఎందుకంటే, 1973లో నేను నర్సు ట్రైనింగుకి చేరిన గోదావరి జిల్లా మిషన్ ఆసుపత్రిలో ఒక అమెరికా డాక్టరమ్మ ఉండేది. ఆవిడకి అదే కంపెనీ బండి ఒకటి ఉండేది. పాతది, పెద్దది, కాలవ గట్ల మీద పోతుంటే ఎదురొచ్చే ఎడ్లబళ్ళు పక్కకి దిగాల్సి వచ్చేది. ఆవిడ డ్రైవర్ని పెట్టుకోలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని తనే నడిపేది. ఒక ఆడమనిషి స్టీరింగు పట్టుకోవడం నేను మొదట చూసింది అప్పుడే. ఆ బండి ముందున్న గుర్తు నాకు మనసులో పడిపోయింది. ముప్పై మూడేళ్ళ తర్వాత ఇక్కడి షోరూములో అదే గుర్తు కనబడితే ఇంకోదాని వంక చూడలేదు.

బండికి ఒక రిజిస్టరు పెట్టాను. వార్డులో రోగి లోపలికి ఎంత పుచ్చుకున్నాడు, బయటికి ఎంత పోయింది అని రాసే పట్టిక ఉంటుంది. అదే గీతలు గీశాను. పెట్రోలు ఎన్ని లీటర్లు, నూనె ఎంత తగ్గింది, ఏ కిలోమీటరు దగ్గర ఏ చప్పుడు. అట్ట మీద పెద్ద అక్షరాలతో 'అమెరికా బండి' అని రాసి, కింద రెండు గీతలు కొట్టాను.

ప్రతి శుక్రవారం ఆరున్నరకి ఇబ్రా నుంచి మస్కట్‌లో తెలుగు ఆరాధనకి బయల్దేరేవాళ్ళం. పోనూ రానూ మూడు వందల ముప్పై కిలోమీటర్లు. ముందు సీటు నా స్నేహితురాలిది. భీమవరం వైపు మనిషి, పెద్దాసుపత్రిలో నర్సు, నాకంటే పదకొండేళ్ళు చిన్న. నన్ను అక్కా అంటుంది. వెనక సీట్లో కొత్తగా వచ్చిన నర్సు పిల్లలు మారుతూ ఉండేవారు. ముందు సీటు మారలేదు.

2009లో ఆ అమెరికా కంపెనీ కోర్టుకెక్కి దివాలా తీసింది. వార్త వచ్చిన శుక్రవారం ఆవిడ బండెక్కుతూనే మొదలుపెట్టింది.

"వందనాలు అక్కా. మీ కంపెనీ ఐపీ పెట్టేసిందంట గదా! ఇక బండి ఆగితే దిగి తొయ్యాలంటావా?"

వెనక పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఐపీ పెట్టినవాడి ఇల్లెప్పుడైనా చూశావా? మీ ఇంటికంటే, మా ఇంటికంటే పెద్దదే ఉంటుంది. బెల్టు పెట్టుకో," అన్నాను.

ఆ రోజు నుంచి కంపెనీ కథ కూడా రిజిస్టరులోకి ఎక్కింది. పేపర్లలో వచ్చింది కత్తిరించి, వెనక పేజీల్లో అంటించాను. దాన్ని పెట్టినవాడు ముందు గుర్రపు బళ్ళు చేయించి అమ్మినవాడు. తను పెట్టిన కంపెనీలోంచి తననే గెంటేస్తే, తిరిగొచ్చి చేజిక్కించుకున్నాడు. మళ్ళీ గెంటేశారు. చివరి రోజుల్లో బంతి దొర్లించి కర్రలు పడగొట్టే ఆటకి ఒక హాలు పెట్టుకున్నాడు. ఆయన లేకుండానే కంపెనీ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బళ్ళు అమ్మే స్థితికి వచ్చి, దశాబ్దాల పాటు అక్కడే కూర్చుంది. తర్వాత నూనె ధర పెరిగింది, జపాను చిన్న బళ్ళు వచ్చాయి, ఇది మాత్రం ఒళ్ళు తగ్గించుకోలేదు. దివాలా తీసినప్పుడు అక్కడి ప్రభుత్వం డబ్బు పోసి లేపింది. లేచాక కొన్ని పేర్ల బళ్ళు పూర్తిగా మానేసింది, కొన్ని ఫ్యాక్టరీలు మూసేసింది. 2017 అక్టోబరులో ఆస్ట్రేలియాలో ఉన్న ఫ్యాక్టరీ కూడా మూసేసింది. ఆ కాగితమూ కత్తిరించి అంటించాను. ఎవరి ఇంటి చావు కబురో అనుకుని, నాలుగు వైపులా జిగురు రాసి, చక్కగా.

తనిఖీలో తప్పిన రోజే బండిని పారిశ్రామికవాడలో మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. కరీంనగర్ మనిషి, ఇరవయ్యేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. బండి కింద పడుకుని చాలాసేపు చూసి, పక్కకి దొర్లి లేచాడు.

"నూనెది సీలు మారిస్తే అయితది, సిస్టరమ్మా. స్టీరింగు మొత్తం ర్యాకే మార్చాలె. గా సామాను ఇక్కడ దొరకది. కంపెనీ బంద్ జేసింది."

"అమెరికా నుంచి తెప్పించు."

"తెప్పిస్త. గానీ ఒక్క మాట జెప్పనా? ఇంజిన్ మంచిగున్నది. దాని కోసమే కొనెటోళ్ళున్నరు. అమ్మేయరాదు?"

"నా గుండె కూడా మంచిగానే ఉంది. అమ్మేద్దామా?"

జేబులోంచి చిన్న కాగితం తీసిచ్చాడు. బండి పేరు, తయారైన ఏడు రాసిచ్చాను. అది వచ్చేదాకా బండి నేనే నడుపుకున్నాను. సెప్టెంబరు 17న ర్యాకు, స్టీరింగు తిప్పితే చక్రాలని తిప్పే పొడుగు కడ్డీ, వచ్చింది. పాతది విప్పి కొత్తది పెట్టబోతే పట్టలేదు. పక్క ఏడాది మోడల్ది చూద్దామని మళ్ళీ రాసిచ్చాను. 26న రెండోది వచ్చింది. అదీ పట్టలేదు.

"బోల్టులు ఒక దిక్కు, తొర్రలు ఒక దిక్కు. పేరు గదే ఉన్నది, సాలు గూడ మార్చి జూసినం. మరి గిదేందమ్మా!" అని ర్యాకుని నేల మీద పడేసి, దాని పక్కనే చతికిలబడ్డాడు. ముందు చక్రాలు లేకుండా నా బండి ఇటుకల మీద నిలబడి ఉంది.

అప్పటికే ఒక శుక్రవారం పోయింది, మర్నాడు ఇంకోటి పోయింది. మా స్నేహితురాలు తన ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ కొత్తగా కొన్న జపాను బండిలో వెళ్ళొచ్చింది. నన్నూ పిలిచింది.

"వెనక సీటు ఖాళీగానే ఉంది, రా అక్కా. ఏంటి నీ పంతం?"

నేను వెళ్ళలేదు. ఇంట్లోనే బైబిలు చదువుకున్నాను. పంతమే, కాదనను.

సెప్టెంబరు 29, ఆదివారం. క్లినిక్కులో ఒక కొత్త నర్సు పిల్ల ఇంజెక్షను ట్రేతో రెండో మంచం దగ్గరికి వెళ్ళింది. ఆ ఇంజెక్షను రాసింది ఐదో మంచానికి. రెండు మంచాల మీద ఉన్నవాళ్ళదీ ఒకటే పేరు, తండ్రి పేరూ ఒకటే, తెగ పేరూ ఒకటే. ఈ ఊళ్ళో అది మామూలు. సూది చర్మానికి తగలకముందే ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాను.

"పేరు అడిగి ఇవ్వొద్దని ఎన్నిసార్లు చెప్పాను? పేరు అందరికీ ఉంటుంది. చేతి పట్టీ మీద నంబరు చూడు. పేరు కాదమ్మా, నంబరు!"

ఇన్నేళ్ళుగా నా కింద పనిచేసిన ప్రతి పిల్లకీ చెప్పిన మాటే అది. చెప్పిన మరుక్షణం నాకు నా బండి గుర్తొచ్చింది. ట్రే పక్కన పెట్టించి, నా బ్యాగులోంచి రిజిస్టరు తీశాను. మొదటి పేజీలో 2006 మార్చి 18 తేదీన, నా చేతిరాతతో, బండి షాసీ నంబరు మొత్తం పదిహేడు అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. తప్పు లేకుండా రాసుకున్నాను. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా చదవలేదు. మెకానిక్కుకి ఇచ్చింది రెండుసార్లూ పేరే.

మధ్యాహ్నం డ్యూటీ దిగి నేరుగా అతని దగ్గరికి వెళ్ళాను. అతను బురైమిలో పాత సామాన్ల యార్డు నడిపే మలయాళీకి ఫోను కలిపి, స్పీకరు పెట్టాడు. నంబరు నేనే చదవబోయాను.

"ముందు మొదటి అంకె చెప్పండి," అన్నాడు అవతలివాడు హిందీలో.

"ఆరు."

ఫోనులో నవ్వు వినబడింది. "అమెరికాలో చేసిన బండికి ఒకటో, నాలుగో, ఐదో ఉంటుంది అమ్మా. ఆరు అంటే ఆస్ట్రేలియా. గల్ఫుకి ఈ బళ్ళు అక్కడి నుంచే వచ్చేవి. ఇదే పేరుతో అమెరికాలో వేరే బండి ఉంది. పేరు ఒకటే, బండి వేరు. నా యార్డులో మీదాని తోబుట్టువు ఒకటి పడుంది. ర్యాకు పంపిస్తాను."

మెకానిక్కు ఇంజిన్ పక్కన మడ్డి పట్టిన చిన్న రేకు ముక్కని గుడ్డతో తుడిచాడు. ఇద్దరం వంగి చూశాం. ఆస్ట్రేలియా అనే ఉంది.

"ఇన్నేండ్లు నూనె మారుస్తున్న, నేను గూడ సూడలే," అన్నాడు.

"నువ్వు చూడకపోతే తప్పు కాదు. నేను చూడాల్సింది," అన్నాను.

ఆ రాత్రి కాదు, మర్నాడు, సెప్టెంబరు 30, సాయంత్రం ఏడుంబావుకి మా స్నేహితురాలు మా ఇంటికొచ్చింది. కబురు అప్పటికే ఆమెకి చేరింది. చెప్పులు విడుస్తూనే అందుకుంది.

"ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు! అమెరికా అమెరికా అని పద్దెనిమిదేళ్ళు మా చెవులు హోరెత్తించావు కదక్కా. మీ డాక్టరమ్మకి తెలిస్తే ఏమంటుందో!"

నవ్వుతూనే అంది. డాక్టరమ్మ పేరెత్తకపోతే నేనూ నవ్వేదాన్నేమో.

"నా బండికి పుట్టిన ఊరు తప్పు చెప్పాను గానీ, దాన్ని వదిలి పోలేదు. నువ్వు రెండు వారాలు ఆగలేకపోయావు. నీది ఏ ఎండకా గొడుగు," అన్నాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కుంది. "వందనాలు అక్కా," అని వెళ్ళిపోయింది. ఇంట్లోకి వచ్చి కూర్చోనైనా లేదు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పుడు తీరిగ్గా రాయడం తేలిక. అన్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ర్యాకు అక్టోబరు 6న బస్సు పార్సిల్లో వచ్చింది. ఈలోగా మూడో శుక్రవారమూ పోయింది. 7న బిగించాడు. బోల్టు తరవాత బోల్టు, చెప్పిన చోట కూర్చుంది. 9వ తేదీ, బుధవారం, ఉదయం 8 గంటల 40 నిమిషాలకి మళ్ళీ తనిఖీకి పట్టుకెళ్ళాను. గడువుకి ఒక రోజు మిగిలింది. అదే ఆఫీసరు. గోతిలోకి దిగి, చక్రాలు అటూ ఇటూ ఊపించి, పైకి వచ్చి, ఈసారి గీతలేమీ పెట్టలేదు.

"మాషా అల్లా. అమ్రీకీ మజ్బూత్," అన్నాడు. అమెరికాది గట్టిది అని.

"అమెరికాది కాదు. ఆస్ట్రేలియాది," అన్నాను.

"అయితే గుర్తు?"

"గుర్తు పెద్దింటిది. పని చేసింది వేరే ఇల్లు. ఆ ఇంటిని మూసేశారు. బండి మిగిలింది."

అతనికి ఎంత అర్థమైందో తెలియదు. ముల్కియా కొత్తదై చేతికొచ్చింది. ఇంకో ఏడాది. ఇంటికొచ్చి రిజిస్టరు అట్ట మీద 'అమెరికా' అన్న మాట స్కేలు పెట్టి కొట్టేశాను. 'ఆస్ట్రేలియా' అని రాయలేదు. 'బండి' అన్నది చాలు. తర్వాత 2017 నాటి కాగితం ఉన్న పేజీ తీసి, దాని పక్కన ఎర్ర సిరాతో రాశాను: ఇది మన ఇంటి కబురు.

అక్టోబరు 11, శుక్రవారం, ఆరున్నరకి ఎప్పటిలాగే మా స్నేహితురాలి బిల్డింగు ముందు ఆగి హారన్ కొట్టాను. బాల్కనీలోకి వచ్చింది. తయారై ఉంది, చేతిలో బైబిలు ఉంది.

"వందనాలు అక్కా. ల్యాబ్ వాళ్ళ బండిలో వస్తానని మాటిచ్చేశాను," అంది పైనుంచి.

"మాటిస్తే తప్పకూడదు," అన్నాను. బండి గేరులో వేశాను. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందుకి రమ్మని నేను పిలవలేదు, వాళ్ళూ రాలేదు. స్టీరింగు వెన్నలా తిరిగింది. మస్కట్ చేరేసరికి ఎనిమిదీ ఇరవై.

పోయినవి:

శుక్రవారాలు, మూడు.

పట్టని స్టీరింగు ర్యాకులు, రెండు.

అట్ట మీద మాట, ఒకటి.

ముందు సీట్లో మనిషి, ఒకరు.